అన్నదమ్ముల గొడవ చూడాలంటే ఏ అనిమే?

"బాగా ఏడిపించే అనిమే ఒకటి చెప్పు" అని అడిగితే ఎవరైనా ఠక్కున నాలుగు పేర్లు చెప్పేస్తారు. "తోబుట్టువుల మధ్య గొడవ బాగా చూపించింది చెప్పు" అంటే మాత్రం కాస్త ఆలోచించాల్సి వస్తుంది. అనిమేలో అన్నలకీ చెల్లెళ్లకీ కొదవ లేదు. కానీ చాలావాటిలో జరిగేది ఒకటే. మొదటి ఎపిసోడ్‌లోనే చెల్లెలికో తమ్ముడికో ఏదో అయిపోతుంది, అన్న కత్తి పట్టుకుని బయల్దేరతాడు. అందులో ప్రేమ ఉంది, పగ ఉంది, గొడవ మాత్రం లేదు. గొడవ అనాలంటే ఇద్దరి దగ్గరా చెరో ఫిర్యాదు ఉండాలి, రెండిట్లోనూ ఎంతో కొంత న్యాయం ఉండాలి. 1988లో వచ్చిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' ఎంత గొప్ప సినిమా అయినా అందుకే ఈ లెక్కలోకి రాదు. అందులో సెయితాకి తగువు యుద్ధంతో, ఆకలితో, ఆదరించని బంధువుతో. చెల్లెలు సెత్సుకోతో కాదు.

ఎంచుకునేటప్పుడు నేను చూసుకునే విషయం ఒకటుంది. ఇలాంటి ప్రతి కథలోనూ ఒకరు రెండోవాళ్ల దగ్గర దాచిన మాట ఏదో ఉంటుంది. ఆ మాట ఎప్పుడు బయటపడుతుంది? ఇద్దరూ బతికుండగా, ఇంకా చాలా కథ మిగిలుండగా బయటపడితే ఆ తర్వాత వాళ్లిద్దరూ దాంతో ఎలా నెట్టుకొస్తారో చూస్తాం. ఒకరు పోయాక బయటపడితే మిగిలినవాళ్ల పశ్చాత్తాపం చూస్తాం. రెండో రకం ఎక్కువ ఏడిపిస్తుంది, మొదటి రకం ఎక్కువ రోజులు గుర్తుంటుంది. మీకు ఏది కావాలో ముందే తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

కథలోని మలుపులు చెప్పకుండా ఈ పోలిక కుదరదు. మీరు చూడాలనుకుంటున్న పేరు కనబడితే ఆ భాగం దాటేయండి.

ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్

ఒక్కటే చూసే టైమ్ ఉంటే ఇదే చూడండి. హిరోము అరకావా మాంగా (జపనీస్ కామిక్) ఆధారంగా బోన్స్ స్టూడియో తీసిన ఈ సిరీస్ 2009-10లో వచ్చింది. మొత్తం 64 ఎపిసోడ్లు, కథ పూర్తిగా ముగుస్తుంది.

చనిపోయిన తల్లిని రసవాదంతో బతికించబోయి ఎడ్వర్డ్ ఎడమకాలు పోగొట్టుకుంటాడు, తమ్ముడు ఆల్ఫోన్స్‌కి ఒళ్లే పోతుంది. తమ్ముడి ఆత్మనైనా దక్కించుకోవడానికి అన్న తన కుడిచెయ్యి ఇచ్చి, దాన్ని ఓ ఇనప కవచానికి అతికిస్తాడు. అప్పట్నుంచి ఆల్‌కి ఆకలి లేదు, నిద్ర లేదు, ఏడుద్దామన్నా కన్నీళ్లు రావు. పోయినవి తిరిగి సంపాదించుకోవడానికి ఇద్దరూ ఊళ్లు పట్టుకు తిరుగుతుంటారు. ఇంతవరకు వింటే గొడవకి చోటెక్కడ అనిపిస్తుంది.

ఎనిమిదో ఎపిసోడ్‌లో శత్రువు ఒకడు ఆల్ చెవిలో ఓ విషపు చుక్క వేస్తాడు: నీ జ్ఞాపకాలు నిజమైనవేనా, లేక మీ అన్న అల్లి పెట్టినవా? తొమ్మిదో ఎపిసోడ్‌లో అది పగులుతుంది. ఆసుపత్రి గదిలో ఎడ్ ఎప్పట్లాగే తన పొట్టితనం గురించి, పాలు తాగనంటూ గొణుగుతుంటాడు. ఆల్ ఒక్కసారిగా అరుస్తాడు. నీకు ఒళ్లుంది కాబట్టి పెరుగుతావు, నేనీ ఒళ్లు కావాలని అడిగానా అని. ఆ ఊపులోనే మనసులోని అనుమానం కూడా కక్కేస్తాడు. ఎడ్ సమర్థించుకోడు, కోప్పడడు. కడుపులో ఉన్నదంతా చెప్పేశావా అన్నట్టు అడిగి బయటికి వెళ్లిపోతాడు. అప్పుడు వాళ్ల చిన్ననాటి స్నేహితురాలు విన్రీ వచ్చి రెంచీతో ఆ ఇనప తలకాయ మీద ఒక్కటేసి, ఏడుస్తూ అసలు సంగతి చెబుతుంది. తమ్ముడు తనని అసహ్యించుకుంటున్నాడేమో అని ఎడ్‌కి భయం. ఆ మాట అడగాలనుకుని, అడిగే ధైర్యం లేక ఇన్నాళ్లూ దాచుకున్నాడు.

నాకు ఈ సిరీస్ నచ్చింది ఆ తర్వాత జరిగేదాని వల్ల. ఇద్దరూ కూర్చుని పెద్ద పెద్ద డైలాగులు చెప్పుకోరు. ఆసుపత్రి డాబా మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య కొట్టుకుంటారు. గాయాలు మళ్లీ తెరుచుకుంటాయిరా అని తమ్ముడు మొత్తుకుంటుంటే అన్న వినడు. దుప్పటి అడ్డంపెట్టి మోసంగా గెలుస్తాడు. తర్వాత ఇద్దరూ వెల్లకిలా పడుకుని చిన్నప్పటి కొట్లాటలు ఒక్కొక్కటే తవ్వుతారు. విన్రీని ఎవరు పెళ్లి చేసుకోవాలన్న దాని మీద కొట్టుకోవడం, ఆల్ గెలవడం, తీరా అడిగితే విన్రీ కాదనడం. అబద్ధపు జ్ఞాపకాలైతే ఇంత చిల్లరగా ఉండవు కదా. నిజమని ఒప్పించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏ రచయితా ఇవ్వలేడు. ఇదంతా అయ్యేసరికి ఇంకా 55 ఎపిసోడ్లు మిగిలే ఉంటాయి.

2003లో వచ్చిన 51 ఎపిసోడ్ల పాత సిరీస్ కూడా ఉంది. అప్పటికి మాంగా పూర్తి కాకపోవడంతో సగం నుంచి కథ వేరే దారి పట్టింది. అన్నదమ్ముల బాల్యం అందులో నిదానంగా, ఇంకాస్త దిగులుగా నడుస్తుంది. బ్రదర్‌హుడ్ మొదటి ఎపిసోడ్లలో కొంచెం పరుగెత్తుతుందన్న మాట నిజమే. అయినా కొత్తవాళ్లకి బ్రదర్‌హుడ్ చాలు. పిల్లలతో చూస్తుంటే మాత్రం నాలుగో ఎపిసోడ్ ముందు మీరొక్కరే చూసి పెట్టుకోండి. ఎందుకో చూశాక మీకే తెలుస్తుంది.

నరుటో: ఇటాచి, సాస్కే

అన్నదమ్ముల అనిమే అనగానే అందరి నోటా మొదట వచ్చే పేరు ఇదే. అలా రావడంలో తప్పు లేదు. తమ్ముడు ఆడుకుందాం రమ్మన్నప్పుడల్లా ఇటాచి రెండు వేళ్లతో వాడి నుదుటి మీద పొడిచి, "ఇంకోసారి చూద్దాంలే" అని తప్పించుకుంటాడు. ఆ అన్నే ఒక రాత్రి ఉచిహా వంశం మొత్తాన్ని, తల్లిదండ్రులతో సహా చంపేసి, తమ్ముణ్ని ఒక్కణ్నే వదిలిపెడతాడు. నన్ను ద్వేషించు, ఆ ద్వేషంతోనే బతుకు అని చెప్పి మరీ వెళ్తాడు.

నరుటో రెండో సిరీస్ షిప్పుడెన్‌లో 134 నుంచి 138 ఎపిసోడ్ల దాకా వాళ్ల పోరాటం. చివర్లో ఇటాచి రక్తం కారుతూ, తూలుకుంటూ దగ్గరికొస్తాడు. సాస్కే వెనక గోడ. ఇక కళ్లు పీకేస్తాడనుకుంటాం. ఆ చెయ్యి నుదుటి మీద రెండు వేళ్ల పోటుగా ముగుస్తుంది. ఈసారి "ఇంకోసారి" లేదు. అన్న ఆ పని ఎవరి ఆజ్ఞతో, ఎవరిని కాపాడటానికి చేశాడో సాస్కేకి తెలిసేది అతను చనిపోయాకే. అదీ ఇంకెవరో చెబితే.

నా కొలత ప్రకారం ఇది పక్కా రెండో రకం. నిజం ఆలస్యంగా వచ్చింది కాబట్టి సాస్కేకి అన్నతో మాట్లాడే అవకాశం లేదు, ఆ ప్రేమని పెట్టుకునే చోటూ లేదు. అదంతా పోయి ఊరి మీద పగగా మారుతుంది. మాంగా రచయిత కిషిమోతో ఈ లోటు గ్రహించాడేమో, యుద్ధంలో చనిపోయినవాళ్లని లేపినప్పుడు ఇద్దరికీ ఓ చివరి సంభాషణ ఇచ్చాడు. నువ్వు నన్ను క్షమించక్కర్లేదు అని తమ్ముడి నుదుటికి నుదురు ఆనించే ఆ సీన్‌కి కదలని మనిషి ఉండడు. నాకు మాత్రం ఒక పేచీ ఉంది. ఏడేళ్లో ఎనిమిదేళ్లో ఉన్న పిల్లాడికి ఆ హత్యాకాండని మాయలో పదే పదే చూపించిన అన్నని కథ చివరికి దాదాపు దేవుణ్ని చేసింది. "నీ కోసమే చేశాను" అనే పెద్దవాళ్ల మాటని ఇంత సులువుగా ఒప్పుకోవాలా అని అడిగే పాత్ర ఒకటుంటే బాగుండేది.

ఇంకో అడ్డంకి పొడవు. మొదటి సిరీస్ 220 ఎపిసోడ్లు, షిప్పుడెన్ 500. మొదటి సిరీస్‌లో 135 దాటాక దాదాపు అంతా ఫిల్లరే, అంటే మాంగాలో లేని అతుకుడు కథలే, అసలు కథకి నష్టం లేకుండా దాటేయొచ్చు. షిప్పుడెన్‌లో కూడా ఫిల్లర్ జాబితా పక్కన పెట్టుకుని చూస్తే నెలలు మిగులుతాయి. ఇటాచి సీన్ల కోసమే అని మధ్యలోంచి క్లిప్పులు చూడటం మాత్రం వద్దు. ఆ రెండు వేళ్ల పోటుకి అంత బరువు వచ్చింది వందల ఎపిసోడ్ల ఎదురుచూపు వల్లే.

డీమన్ స్లేయర్: హీరో కంటే విలన్ల గొడవ మిన్న

2025 సెప్టెంబరులో ఈ సిరీస్ సినిమా 'ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు డబ్బింగుతో కూడా థియేటర్లలోకి వచ్చింది. ఆ ఊపులో కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లకి ఒక మాట. హీరో టాంజిరో, అతని చెల్లెలు నెజుకోల మధ్య గొడవ ఆశించకండి. వాళ్లది మచ్చలేని ప్రేమ. కొన్నిసార్లు మరీ మచ్చలేనంత. ఈ సిరీస్‌లో తోబుట్టువుల గొడవ విలన్ల దగ్గర ఉంది.

2021 డిసెంబరులో మొదలైన ఎంటర్‌టైన్‌మెంట్ డిస్ట్రిక్ట్ భాగం, 11 ఎపిసోడ్లు. చివరి ఎపిసోడ్‌లో గ్యుటారో, డాకి అనే అన్నాచెల్లెళ్ల తలలు తెగి ఎదురెదురుగా పడి ఉంటాయి. ఆ స్థితిలోనూ పోట్లాట. నువ్వు సరిగ్గా పోరాడలేదని చెల్లెలు, నువ్వు చేతకానిదానివని అన్న. ఇంత అనాకారి నాకు రక్తసంబంధమై ఉండడు అని ఆమె అంటుంది. నువ్వు లేకపోతే నా బతుకు బాగుండేది, అసలు నువ్వు పుట్టకుండా ఉంటే... అని అతను అనబోతుంటే, టాంజిరో వచ్చి ఆ నోటికి చెయ్యి అడ్డం పెడతాడు. అది అబద్ధం, నువ్వలా అనుకోవట్లేదు అంటాడు. చంపినవాడే వచ్చి ఆపడం! ఇంట్లో మాటామాటా పెరిగి, అనకూడని మాట ఒకటి నోటి చివరిదాకా వచ్చిన క్షణం తెలిసినవాళ్లెవరైనా ఆ చెయ్యి విలువ గుర్తుపడతారు.

తర్వాత వచ్చే గతం యోషివారా వేశ్యవాటికలోని అట్టడుగు బతుకు. చెల్లెలి అసలు పేరు ఉమే. తల్లిని చంపిన జబ్బు పేరునుంచి వచ్చిన పేరది. ఎవరైనా నీ దగ్గర లాక్కునేలోపు నువ్వే లాక్కో అని నేర్పింది అన్న. చీకట్లో ఆఖరిసారి కలిసినప్పుడు అతన్ని తినేస్తున్నది కూడా అదే. నేను కాకుండా ఇంకెవరైనా పెంచి ఉంటే నువ్వు మంచిదానివయ్యేదానివేమో అని.

దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఈ సిరీస్ ప్రతి రాక్షసుడికీ చచ్చేముందు ఓ గతం చూపిస్తుంది. మొదటి మూడుసార్లు కన్నీళ్లొస్తాయి, ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మొదలవగానే "సరే, వీడి పని అయిపోయింది" అని తెలిసిపోతుంది. అయినా ఉమే కథ దగ్గర నేను లొంగిపోయాను. వరస ఇలా: మొదటి సీజన్ 26 ఎపిసోడ్లు, తర్వాత ముగెన్ ట్రెయిన్, ఆ తర్వాత ఈ భాగం. యుఫోటేబుల్ స్టూడియో బొమ్మల పనితనం కళ్లకి పండగ. తలలు తెగడం, రక్తం కావలసినంత ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలున్న హాల్లో పెట్టకండి.

మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్

ఇందులో కత్తి లేదు, మంత్రం లేదు. షోగి ఉంది, అంటే జపాన్ చదరంగం. చికా ఉమినో మాంగాని షాఫ్ట్ స్టూడియో 2016-18 మధ్య రెండు సీజన్లుగా, 44 ఎపిసోడ్లుగా తీసింది. ఇక్కడ నేను చెబుతున్నవాటిలో మన ఇళ్లలో జరిగే గొడవకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. మీరు ముప్పై దాటినవాళ్లయితే మొదట ఇదే మొదలుపెట్టమంటాను.

చిన్నప్పుడే ప్రమాదంలో అమ్మ, నాన్న, చెల్లెలు పోయిన కిరియామా రే ఒంటరి. అంత్యక్రియల దగ్గర బంధువులు పిల్లాణ్ని ఎవరు పెంచాలని తర్జనభర్జన పడుతుంటే, తండ్రి స్నేహితుడు, షోగి ఆటగాడు కోడా అడుగుతాడు: నీకు షోగి అంటే ఇష్టమా? రే "ఇష్టం" అంటాడు. అది అబద్ధం. బతకడానికి ఆడిన అబద్ధం. ఆ ఇంట్లో అప్పటికే ఇద్దరు పిల్లలు, క్యోకో, అయుము. తండ్రి చూపు తమ మీద పడాలంటే షోగి బాగా ఆడాలి. కొత్తగా వచ్చినవాడు వాళ్లిద్దర్నీ దాటేశాడు. అయుము ఆట మానేసి గదిలో తలుపేసుకున్నాడు. క్యోకో పట్టు వదలకపోతే, రేని గెలవలేవు కాబట్టి ఇక మానెయ్యమని తండ్రే చెప్పాడు.

ఎవరిది తప్పు? రే కావాలని ఏదీ లాక్కోలేదు. క్యోకోకి జరిగింది అన్యాయం కాకుండా పోదు. అసలు ముద్దాయి కోడా అని మనకి తెలుస్తుంటుంది, కానీ కోడా కూడా అనాథని చేరదీసిన పెద్దమనిషి. గూట్లో మిగతా పిల్లల్ని తోసేసే కోకిలపిల్ల తనే అనుకుని రే ఇల్లు వదిలేసి, టోక్యోలో నది పక్కన ఓ ఖాళీ ఫ్లాట్‌లో ఉంటాడు. అక్కడికి కూడా క్యోకో వస్తుంది. ఆమె ఆయుధం చూడండి: రేపు నువ్వు ఆడబోయే మనిషికి విడాకులవుతున్నాయి, కూతురితో ఇదే చివరి క్రిస్మస్ అని ముందురోజు తీరిగ్గా చెప్పి పోతుంది. ఎక్కడ పొడిస్తే నొప్పో తెలిసినవాళ్లు చేసే పని. రే ఆ ఆట గెలుస్తాడు, గెలిచాక వీధిలో పిచ్చివాడిలా అరుచుకుంటూ పరుగెడతాడు.

క్యోకోని విలన్ చేయకపోవడం ఈ సిరీస్ గొప్పతనం. క్షమాపణల సీను, కౌగిలింతల సీను ఉంటాయని ఎదురుచూస్తే నిరాశే. నదికి అవతల, రేని ఆదరించే కవామోతో అక్కచెల్లెళ్ల ఇంట్లో వేడి వేడి అన్నం ఉంటుంది, కోడా ఇంటి గొడవ మాత్రం అలాగే ఉండిపోతుంది. మొదటి సీజన్ నిదానం. కొందరికి బోర్ కొట్టొచ్చు. జపనీస్ ఆడియోతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడటమే మేలు. ఇందులో సగం కథ మౌనంలో నడుస్తుంది.

హైక్యూ: చిన్న అబద్ధం, పెద్ద అలక

వాలీబాల్ అనిమేకి ఇక్కడేం పని అనుకోకండి. సుకిషిమా కేకి చిన్నప్పుడు అన్న అకితెరు అంటే హీరో. కరసునో స్కూల్ జట్టులో నేనే ఏస్, అంటే ప్రధాన ఆటగాణ్ని అని అన్న చెబుతుంటే నమ్మాడు. మ్యాచ్‌కి మాత్రం రావద్దంటాడు, టెన్షన్ వస్తుందట. ఒకరోజు చెప్పకుండా వెళ్లి చూస్తే, అన్న కోర్టులో లేడు, గ్యాలరీలో నిలబడి ఎవరికోసమో కేకలేస్తున్నాడు. ఇద్దరి కళ్లూ కలుస్తాయి. అంతే. చావులేదు, రక్తం లేదు. కానీ ఆ రోజు నుంచి తమ్ముడు దేని మీదా మనసు పెట్టడు. "క్లబ్బే కదా" అంటాడు. తమ్ముడి దృష్టిలో చిన్నబోకూడదని అన్న ఆడిన అబద్ధం తమ్ముడి ఆటనే చంపేసింది.

ఈ గతం రెండో సీజన్ తొలి భాగంలో వస్తుంది. దాని ఫలితం 2016లో వచ్చిన పది ఎపిసోడ్ల మూడో సీజన్‌లో, షిరాతొరిజావా మ్యాచ్‌లో. ఈసారి గ్యాలరీలో ఉన్న అన్న కేకలు తమ్ముడి కోసం. నా కొలతకి ఇది చక్కటి మొదటి రకం. ఇంట్లో పన్నెండు, పదమూడేళ్ల అన్నదమ్ములుంటే కళ్లు మూసుకుని ఇదే పెట్టండి. సుకిషిమా కథ కోసం కనీసం ముప్పై ఎపిసోడ్లు ఓపిక పట్టాలి, కానీ ఆ లోపు మీరు వాలీబాల్‌లో పడిపోయి ఆ సంగతే మర్చిపోతారు.

మై హీరో అకడమియా, ఇంకో రెండు

2016లో మొదలై ఎనిమిది సీజన్లు నడిచిన మై హీరో అకడమియాని కేవలం తోబుట్టువుల కోసం చూడమనను. కానీ అందులోని టోడోరోకి కుటుంబం విడిగా ఓ సిరీస్‌కి సరిపడా సరుకు. తండ్రి ఎండెవర్ తన శక్తికి వారసుణ్ని తయారుచేసే పిచ్చిలో ఇల్లు నాశనం చేశాడు, ఇప్పుడు మారాడు. మారిన తండ్రిని ఏం చెయ్యాలి? కూతురు ఫుయుమి అందరూ కలిసి భోంచేస్తే చాలంటుంది. కొడుకు నత్సువో అదే బల్ల దగ్గర కూర్చుని, నేను క్షమించను అంటాడు. చిన్నవాడు షోటో ఇంకా తేల్చుకోలేదు. పెద్దవాడు తోయా చనిపోయాడనుకుంటారు, అతను ఏమయ్యాడో ఆరో సీజన్‌లో బయటపడుతుంది. నిప్పులు కక్కే తోయా కంటే ఐదో సీజన్‌లోని ఆ భోజనం సీనే నాకు బలంగా అనిపించింది. తల్లిదండ్రుల తప్పుని తోబుట్టువులు తలో రకంగా మోస్తూ, ఆ తేడా వల్లే ఒకరికొకరు దూరమవడం అనిమేలో తరచుగా కనబడదు.

అక్కచెల్లెళ్ల గొడవ కావాలంటే జుజుత్సు కైసెన్ మొదటి సీజన్‌లో మాకి, మాయి అనే కవలల పోరు చూడండి. వివక్ష చూపే ఇంట్లోంచి ఒకామె బయటపడింది. రెండో ఆమె ఫిర్యాదు, నాతోపాటు నువ్వూ ఎందుకు కింద ఉండిపోలేదు అని. ఒక్క ఎపిసోడ్ మేరకే ఉన్నా పదునుగా ఉంటుంది. నవ్వుతూ చూడాలంటే 2019 నాటి ఫ్రూట్స్ బాస్కెట్. చిన్నప్పుడు సాయం కోసం చాచిన తమ్ముడి చెయ్యి విదిలించుకున్న అన్న అయామే, పెద్దయ్యాక నానా గోల చేస్తూ దగ్గరవ్వాలని చూస్తాడు. తమ్ముడు యుకీకి ఆ గోల చూస్తేనే చిరాకు. మూడు సీజన్లు, 63 ఎపిసోడ్లు.

తెలుగు ఆడియో సంగతి. అనిమే స్ట్రీమింగ్ సర్వీస్ క్రంచీరోల్ కొన్ని సిరీస్‌లకి తెలుగు డబ్బింగ్ ఇస్తోంది. కానీ ఒకే సిరీస్‌లో కొన్ని సీజన్లకి ఉండి, కొన్నిటికి లేకపోవచ్చు. మొదలుపెట్టే ముందే ఆడియో జాబితా చూసుకోండి. అమ్మమ్మా తాతయ్యలతో కలిసి చూడాలనుకుంటే ఎంపిక అక్కడే తేలిపోతుంది.

ఇక మీకూ మీ అన్నకో చెల్లెలికో నిజంగానే మాటల్లేకపోతే, నరుటోనీ క్యోకోనీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఒకటి అవతలివాళ్లు పోయేదాకా ఆగిన కథ, ఇంకోటి ఎప్పటికీ తేలని కథ. బ్రదర్‌హుడ్ తొమ్మిదో ఎపిసోడ్ దాకా చూడండి, చాలు. మిగతా 55 తర్వాతైనా చూసుకోవచ్చు.